పదో పేరు

పదిమంది లేకుంటే
ఈ ఏడు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఉండదని
నోటీసు బోర్డు మీద పెట్టలేదు,
క్యాంటీన్ల చాయ్ ఊదుకుంట చెప్పిండు సూపరింటెండెంటు.
ఉన్నది తొమ్మిది.
అండ్ల ఒకడు, బీఎడ్ సీటొస్తే పోతనని
చేరిననాడే చెప్పిండు.

నేను గంటకింత అని లెక్కగట్టే మాస్టర్ని.
పట్టా బీరువాల, జీతం బకాయిల.
కోర్సు పోతే నా గంటలు పోతయి.
ఈ ముక్క ముందే చెప్తున్న,
చదువు మీది ప్రేమతోనే తిరిగిండని
రేపు ఎవరన్న అంటే నమ్మకుండ్రి.

లిస్టుల పేరుండి చేరనోళ్లకు ఫోన్లు చేసిన.
ఒకామె మా ఆయన్నడిగి చెప్త అని పెట్టేసింది.
ఒకడు హైదరాబాద్‌ల ఏదో కోచింగ్ లైన్ల నిలబడి మాట్లాడిండు,
వెనుక నుంచి జరుగు జరుగని అరుపులు.
పరకాల పిలగాడొక్కడు
"మా బాపుతోని మాట్లాడుండ్రి సార్" అన్నడు.
కొన్ని మాటలు ఫోన్ల కుదరవు.
హన్మకొండల భూపాలపల్లి బస్సెక్కిన.

ములుగు రోడ్డు, ఆరెపల్లి.
బస్సు కిక్కిరిసింది.
ఆడోళ్లందరికి జీరో టికెట్లు కొట్టుకుంట
సందు లేనికాడ సందు చేసుకుంట కండక్టరమ్మ వస్తున్నది.
నేను ఫోన్ల మొత్తుకుంటున్న,
"హాస్టలుంటది, స్కాలర్‌షిప్పు లేటైనా వస్తది,
నాలుగు సెమిస్టర్లే బిడ్డా,
శాంప్లింగు, రిగ్రెషను, ఆఖర్ల ఒక ప్రాజెక్టు,
ఒక్కరంటే ఒక్కరు తక్కువున్నం..."
సిగ్నల్ పోయింది.

"పరకాలనా సార్?"
టికెటిచ్చింది, చిల్లరిచ్చింది,
పోకుంట అక్కడ్నే నిలబడ్డది.
"ఆ సీటుకు వయసు లెక్క ఉంటదా?"

పేరు ఏదునూరి భాగ్య. ముప్పై ఎనిమిది.
పెండ్లికి ముందటి బీఎస్సీ,
మెమోలు లామినేషన్ చేయించి దాచుకున్నదట.
"పదమూడేండ్ల సంది ఎస్సార్ రాస్తున్న సార్,
స్టేజీ స్టేజీకి ఎందరెక్కిన్రు, ఎందరు దిగిన్రు.
ఎస్సార్ అంటే స్టాటిస్టికల్ రిటర్న్ అని ట్రైనింగుల చెప్పిన్రు.
ఆ మాట నాకు గంతవరకే తెలుసు."
రైట్ రైట్ అని అరిచి మళ్ల మొదలువెట్టింది.
"గూడెప్పాడు కాడ సోమవారం పొద్దటి ట్రిప్పుకు
ఆడోళ్లు ఎక్కువెక్కుతరు, మంగళవారం సగం గూడ ఉండరు.
అంగడి లేదు, దవాఖాన లేదు.
రెండు నెలల్నుంచి డైరీల రాస్తున్న,
ఎందుకో అంతు చిక్కుతలేదు."

పదకొండేండ్లుగ నేను
ఎవరో సీమదొర కొలిచిన పూల రేకుల పొడుగులతోనే
బోర్డు నింపుతున్న.
ఎందుకో అని ఒక్క పువ్వును గూడ అడగలేదు.

పరకాలల ఆ బాపు మంచినీళ్లిచ్చిండు,
కొడుకును ఎరువుల దుకాణంల కూసోవెట్టిన అన్నడు,
నా మొకం చూడకుంట.
తిరుగు బస్సుల కిటికీ పక్కన కూసోని
సోమవారం గురించే ఆలోచించిన.

ఆఖరి తారీఖు, మూడున్నర.
ఖాకీ చొక్కాతోనే వచ్చింది.
నైటౌట్ డ్యూటీలు వేయించుకుంటదట,
పొద్దున దిగి ఇటే వస్తదట.
అటెండర్ ఆమె సంచిని చూసి
బస్సేమన్న ఆపినవా బయట అని నవ్విండు.
పేర్ల కాయితం మీద
టికెటు మీద గీత కొట్టినట్టు, ఒక్క ఊపున సంతకం.
పది.

సాయంత్రం బీఎడ్ పిలగాడు
టీసీ కావాలని దరఖాస్తు పట్టుకొచ్చిండు.
నేను కుర్చీల కూలబడ్డ.
తలుపు కాడ చెప్పులేసుకుంటున్న ఆమె తిరిగి చూసి
"ఒకరు దిగిన్రా సార్?
ఇంక టైముంది గద,
గూడెప్పాడు కాడ ఎవరన్న ఎక్కుతరు తియ్యి" అన్నది.